విమలత్త చేతిలో ఏరియల్

మొన్న టీవీ రిమోట్ మొండికేస్తే వెనక మూత తీసి చూశాను. సెల్లు కారి, స్ప్రింగు మీద తెల్లగా ఉప్పు పేరుకుని, దాని చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంది. ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ పుల్లటి తుప్పు వాసన గుప్పుమనగానే నేను గాంధీనగర్‌లోని ఈ అపార్ట్‌మెంటులో లేను. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో, మేము కిరాయికి ఉన్న కింది వాటా నడిమింట్లో, తాత పడక్కుర్చీ పక్కన చాప మీద బోర్లా పడుకుని ఎక్కాలు రాసుకుంటున్నాను, తాత రేడియోను కొడుతున్నాడు.

మా తాత సర్కారు కచేరీలో హెడ్ గుమాస్తాగా పనిచేసి, కింది గుమాస్తాలందరినీ గడగడలాడించి రిటైరయ్యాడు. ఇంటికొచ్చాక గడగడలాడడానికి మేమే మిగిలాం. ఆయన లేచేసరికి వేడినీళ్ళు, ఆయన స్నానమయ్యేసరికి సర్వపిండి పెనం మీంచి పళ్ళెంలోకి, ఆయన పేపరు చదివేటప్పుడు ఇంట్లో గాజుల చప్పుడు కూడా వినపడకుండా ఉండాలి. నానమ్మ నేను పుట్టకముందే పోయింది. తప్పించుకుందని అమ్మ గొణిగేది. అంతటి మనిషి మాట వినని వస్తువు ఇంట్లో ఒకటే ఒకటి, ఆ రేడియో. ఇటుకంత ఉండేది, చిల్లుల తోలు సంచి తొడుక్కుని, నాలుగు లావు సెల్లు మింగి, ఆపైన పలకాలనిపిస్తే పలికేది, లేకపోతే గొంతులో కఫం అడ్డుపడ్డ ముసలివాడిలా గరగరమని ఊరుకునేది.

దాన్ని పలికించడానికి మా ఇంట్లో జరిగిన వైద్యం అంతా ఇంతా కాదు. ముందు నెత్తి మీద రెండు దెబ్బలు. దానికి లొంగకపోతే సెల్లు తీసి, మూతులు గచ్చు మీద గీరి, అరచేతుల మధ్య దొర్లించి, కిందిది పైకి పైది కిందికి మార్చి పెట్టడం. ఎండాకాలం వస్తే మామిడికాయ ముక్కలూ, మిరపకాయలూ, సగ్గుబియ్యం వడియాలూ ఆరబోసిన మేడ మీదే ఒక తాంబాళంలో సెల్లు కూడా ఎండేవి. ఎండ తగిలితే వాటికి మళ్ళీ ప్రాణమొస్తుందని తాత నమ్మకం. కాకులు వడియాలెత్తుకుపోకుండా, పిల్లలు సెల్లెత్తుకుపోకుండా నేను గొడుగేసుకుని కాపలా కూర్చునేదాన్ని. పక్క వాటా వాళ్ళు ఒకరు తూర్పుకు తిప్పమనేవారు, ఒకరు ఇత్తడి బిందె మీద పెట్టమనేవారు. అన్నీ చేశాం. అది వినలేదు.

చివరికి దాని జబ్బుకు మందు విమలత్త అని తేలింది. విమలత్త మా నాన్న చెల్లెలు. అప్పటికి పదో తరగతి పాసై అయిదారేళ్ళుగా ఇంట్లోనే ఉంటోంది, ఇరవయ్యొకటో ఇరవయ్యిరెండో ఉంటాయి, పొడుగు మనిషి. ఒక సాయంత్రం కిటికీ గట్టు మీదున్న రేడియోను తుడుస్తూ ఏరియల్ కొస పట్టుకుని కిటికీ వైపు లాగిందో లేదో, వార్తలు గంట కొట్టినట్టు వినిపించాయి. వదిలింది, ఆగిపోయాయి. పట్టుకుంది, వచ్చాయి. తాత పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. నాన్న పట్టుకుని చూశాడు, పలకలేదు. నేను అందుకోలేకపోయాను. అమ్మ పట్టుకున్నప్పుడు మాత్రం రెండు నిమిషాలు స్పష్టంగానే పలికి ఆగింది. ముందేముందో తెలిసి అమ్మ చల్లగా వదిలేసిందని ఇప్పుడు నా అనుమానం.

"దీని ఒంట్ల ఏదో ఉన్నది. విమలా, పట్టుకో, కదలకు," అన్నాడు తాత.

అదే శాసనం. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరింటికి విమలత్త ముఖం కడుక్కుని, కిటికీ పక్కన గోడకు భుజం ఆనించి, ఏరియల్ కొస వేళ్ళతో పట్టుకుని నిలబడాలి. వ్యవసాయదారుల కార్యక్రమం, వార్తలు, ఆ తర్వాత తాతకు మనసైతే పాటకచేరీ కూడా. ఆదివారం మధ్యాహ్నం నాటకం. క్రికెట్ ఉన్ననాడు పొద్దుటి నుంచి పొద్దుగుంకేదాకా, నడుమ అన్నానికి మాత్రం సెలవు. ఆ రోజుల్లో పక్క వాటాల మగవాళ్ళంతా మా నడిమింట్లో చేరి, చాయ్ తాగుతూ, వికెట్ పడ్డప్పుడల్లా ఆమె వైపు చూసేవారు, ఆమే ఔటైనట్టు. చెయ్యి కాస్త దిగిందా, తాత చేతికి ఏది అందితే అది గాల్లోకి లేచేది. ఎక్కువగా చెప్పు, ఒకోసారి నా స్కేలు.

మేము పిల్లలం తాతకన్నా మంచివాళ్ళమనుకుంటే పొరపాటు. ఆమె కదలకూడదని తెలిసిన మాకు అదొక ఆట. పక్క వాటా పిల్లలూ నేనూ పాక్కుంటూ వెళ్ళి ఆమె అరికాళ్ళ దగ్గర చీపురు పుల్లతో గిలిగింతలు పెట్టేవాళ్ళం. ఖాళీగా ఉన్న చేతికి తడి తువ్వాలు తగిలించేవాళ్ళం. ఒకసారి జడ కొసలో జీడిగింజ కట్టి, అది తలుపు గొళ్ళేనికి ముడేశాం. నవ్వితే ఆమెకు దెబ్బలు, నవ్వించలేకపోతే మేము ఓడినట్టు. ఏరియలత్త అని పేరు పెట్టింది నేనే. సందంతా పాకింది. కూరగాయల బండివాడు కూడా "ఏరియలక్కా, టమాటలు తెచ్చిన," అని కేకేసేవాడు.

ఒక ఏడాది సద్దుల బతుకమ్మ నాడు అమ్మ నువ్వుల సద్దీ, పెరుగు సద్దీ, మలీద ముద్దలూ సర్దుతుంటే ఇల్లంతా నెయ్యీ బెల్లమూ తంగేడు పూల పచ్చి వాసనా కలిసిపోయి ఉన్నాయి. పొద్దుటి నుంచి కూర్చుని విమలత్తే గునుగు పూలకు రంగులద్ది, మోకాలెత్తు బతుకమ్మ పేర్చింది. తీరా సాయంత్రం సందులో ఆడవాళ్ళందరూ చప్పట్లు చరుస్తూ తిరుగుతుంటే, తాతకు ఆ రోజే ఏవో ఎన్నికల సంగతులు వినాల్సి వచ్చింది. ఆకుపచ్చ జరీ చీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని, ఏరియల్ పట్టుకుని ఆమె కిటికీలోంచి తన బతుకమ్మ చుట్టూ ఇంకొకరు తిరగడం చూసింది. నేను బయటి నుంచి నాలుక చాపి వెక్కిరించి, మళ్ళీ ఆటలోకి పరుగెత్తాను.

ఆ దసరా తర్వాతే ఆమె టైపు మాట ఎత్తింది. అప్పట్లో నారాయణగూడ చౌరస్తా నుంచి హైదర్‌గూడ వైపు నడిస్తే ప్రతి మేడ మీదా ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది, వాన పడుతున్నట్టు టకటక శబ్దం రోడ్డు మీదికి కారేది. లోయరు, హయ్యరు పరీక్షలు పాసైన ఆడపిల్లలకు కచేరీల్లో ఉద్యోగాలొచ్చేవి. పొద్దున నల్లా నీళ్ళు, వంట ఉన్నాయి కాబట్టి ఆమెకు కుదిరేది సాయంత్రమే.

"నారాయణగూడల సాయంత్రం ఆడపిల్లల బ్యాచ్ ఉన్నదట నాయినా. గంటసేపే. పోత," అన్నది.

"నువ్వు పోతే వార్తలెవరు పట్టుకుంటరే?" అన్నాడు తాత.

తమాషాకు అన్నాడేమోనని నాన్న నవ్వబోయి, తాత ముఖం చూసి ఆపుకున్నాడు. ఆమె అక్కడితో ఊరుకోలేదు. తన చేతిలో ఏ మహిమా లేదని చెప్పింది. అయితే వదిలి చూపించమన్నాడు తాత. వదిలింది. రేడియో టక్కున ఆగింది. సాకులు చెప్తున్నావని చెప్పు విసిరాడు. అది పోయి కిటికీ రెక్కకు తగిలింది.

ఇక తీగ సంగతి. నెలలో ఆ మూడు రోజులూ మా ఇంట్లో ఆడవాళ్ళు వెనక వసారాలో గోనెపట్టా మీద కూర్చునేవాళ్ళు, వేరే కంచం, వేరే చెంబు. ఎవరినీ దేన్నీ ముట్టుకోరాదు. మరి వార్తలు? తాత ఒకపూట ఆలోచించాడు. మర్నాడు ఏరియల్‌కు సన్నటి రాగితీగ కట్టించి, కిటికీ ఊచల్లోంచి వెనక వసారాలోకి బిగువుగా లాగి, కొస ఆమె చేతికిచ్చాడు. ఇంటికొచ్చిన పురోహితుడు ఇదేమిటని నసిగితే, "కరెంటుకు అంటు ఉండదు పంతులూ," అన్నాడు. మంచినీళ్ళ చెంబు ముట్టుకుంటే మైలపడే ఇంట్లో ఆమె ఒంట్లోంచి వస్తోందనుకున్న వార్తలు మాత్రం మడిగానే ఉండేవి.

నాకు తొమ్మిదేళ్ళు. అలాంటి ఒక సాయంత్రం అమ్మ చాయ్ ఇచ్చి రమ్మంటే, గ్లాసు దూరంగా పెట్టడానికి వెనక వసారాలోకి వెళ్ళాను. రేడియో కిటికీ అవతల ఖంగుమని పలుకుతోంది. విమలత్త చేతుల్లో తీగ లేదు. దండెం కట్టే మేకుకు దాన్ని బిగించి చుట్టింది. ఒళ్ళో ఒక అట్ట, దాని మీద లైబ్రరీ పుస్తకంలో చూసి పెన్సిలుతో గీసుకున్న టైపు అక్షరాల వరసలు. కళ్ళు మూసుకుని ఆ అట్టను పది వేళ్ళతో కొడుతోంది. నా అలికిడికి కళ్ళు తెరిచింది. భయపడలేదు. ఆమె ముఖం అంత వెలుగుగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"చూసినవా? నేను పట్టుకోలే, అయినా పలుకుతున్నది," అన్నది గుసగుసగా. "నా మాట ఇనడు. నీ మాట ఇంటడు. పొయ్యి తాతకు చెప్పు బిడ్డా. టైపుకు పోతనే నేను."

నిజమే, తాత ఇంట్లో ఎవరి మాటైనా వింటాడంటే అది నాదే. లోపలికి నడిచే ఆ పది అడుగుల్లో నేను చాలా ఆలోచించాను. సాయంత్రం ఆమె నారాయణగూడకు పోతే నా జడ ఎవరు వేస్తారు, లెక్కలెవరు చెప్తారు, పాత చీర ముక్కలతో బొమ్మలెవరు కుడతారు? ఉద్యోగమొస్తే అసలు మాతో ఉంటుందా? అవి కారణాలే, కాదనను. కానీ అంతకన్నా లోపల ఇంకొకటి ఉంది, దాన్ని దాచను. అత్త అంత పెద్దమనిషి సాయంత్రాలన్నీ నా నోట్లో ఉన్నాయని తెలిసింది. అది బెల్లంముక్కలా తియ్యగా ఉంది. ఉమ్మెయ్యబుద్ధి కాలేదు.

"అత్త పట్టుకున్నదా, కునుకుతున్నదా?" అన్నాడు తాత.

"పట్టుకున్నది తాతా. గట్టిగ పట్టుకున్నది," అన్నాను, కిటికీ అవతలికి వినపడేంత గట్టిగా.

అట్ట మీద వేళ్ళ చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి తీగ కదిలింది. రేడియో ఒకసారి గరగరమని మళ్ళీ సర్దుకుంది. ఆమె మేకు నుంచి తీగ విప్పి చేత్తో పట్టుకుందని నాకర్థమైంది. నాలుగో రోజు తలంటుకుని వచ్చి ఎప్పటిలాగే నాకు జడ వేసింది. ఒక్క వెంట్రుక కూడా లాగలేదు. ఒక్క మాట కూడా అడగలేదు. లాగి ఒక దెబ్బ వేసి ఉంటే నేను ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

ఇంకో మూడేళ్ళు నిలబడింది. నేను ఏడో తరగతిలో ఉండగా దసరా దులుపుడులో రేడియో కిందపడి పూర్తిగా మూగబోతే, తాత నన్ను వెంటబెట్టుకుని నారాయణగూడలో ఒక రిపేరు దుకాణానికి తీసుకుపోయాడు. ఆ దుకాణాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వెనక మూత తీసి, విడిపోయిన తీగ ఒకటి అంటించి, చిలుము పట్టి వాలిపోయిన స్ప్రింగును వేలితో మీటాడు.

"సెల్లు దీన్ని తాకుతలేవు సార్. డబ్బా వెనక్కి వాలితే తాకుతయ్, పలుకుతది. నిలబెడితే బంద్," అన్నాడు. సిగరెట్ పెట్టెలోని వెండికాగితం మడిచి స్ప్రింగు వెనక దోపాడు, అంతే. ఏరియల్ పట్టుకోవాలి కదా అని తాత అడిగితే ఆయన నవ్వాడు. "మన హైదరాబాద్ స్టేషన్‌కు ఏరియల్‌తోటి ఏం పని సార్? అది బయటి దేశాల స్టేషన్లకు."

ఆ రాత్రి అన్నాలప్పుడు తాత ఈ సంగతి ఎంత రసవత్తరంగా చెప్పాడంటే, నాన్నకు పొలమారింది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వడ్డిస్తున్న విమలత్త కూడా నవ్వింది. అందరి నవ్వూ అయ్యాక, గరిటె పట్టుకునే అడిగింది.

"అయితే టైపుకు పోవాల్నా నాయినా?"

"ఇరవై అయిదేండ్లకా? ఆడున్న పిల్లలు నవ్వుతరు. చారు పొయ్యి," అన్నాడు తాత.

ఆమె చారు పోసింది. పెళ్ళి కాలేదు. తాత మంచాన పడ్డ ఏడేళ్ళూ ఆమే ఎత్తింది, దించింది. తర్వాత అమ్మానాన్నలను చూసింది. ఇప్పుడు నా దగ్గర ఉంది, అంటే నన్ను చూస్తోంది.

నారాయణగూడ మేడల మీద ఇప్పుడు టకటకలు లేవు. రిపేరు దుకాణం ఉన్నచోట జిరాక్స్ మెషిన్ ఉంది. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా కోచింగ్ సెంటర్లు, మెస్సులు, గోడలకు పరీక్షల నోటిఫికేషన్లు. మా వాటా ఉన్నచోట నాలుగంతస్తుల ఆడపిల్లల హాస్టల్ లేచింది. ఊళ్ళ నుంచి ఒంటరిగా వచ్చిన ఇరవై రెండేళ్ళ పిల్లలు తడి జుట్టుతో, బరువు పుస్తకాలతో, ఎవరినీ అడక్కుండా లైబ్రరీకి పోతుంటారు. వార్తలు వాళ్ళ ఫోన్లలో వాటంతటవే వస్తాయి.

రిమోట్ బాగుచేసిన మర్నాడు కూరగాయలకని ఇద్దరం అటు వెళ్ళాం. విమలత్త సంచీ కింద పెట్టి ఆ హాస్టల్ గేటు ఎదురుగా చాలాసేపు నిలబడింది. ఆ నిలబడడం చూసి నేను తట్టుకోలేకపోయాను. నలభై ఏళ్ళు గడిచాక, రోడ్డు మీద, ఆటోల హారన్ల మధ్య, ఆ సాయంత్రం అబద్ధం చెప్పానని, తప్పయిందని అన్నాను. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాను.

ఆమె నా వైపు తిరగలేదు.

"తొమ్మిదేండ్ల పిల్లవు. భయపడ్డవనుకున్న," అన్నది. "పదేండ్లొస్తే చెప్తవనుకున్న. పదకొండొస్తే చెప్తవనుకున్న. రోజు నీ తల దువ్వుకుంట, ఇయ్యాల చెప్తదేమో అనుకునేదాన్ని."

విమలత్త వంగి సంచీ అందుకుంది.

"నీకు పన్నెండేండ్లొచ్చేదాకా చూసిన బిడ్డా. అటెనక చూసుడు బంద్ పెట్టిన."