చక్కర్లు కొట్టిన గొర్రె

యాభైల మొదట్లో నేను నెల్లూరులో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. పగలు బీఎస్సీ పిల్లలకు కప్ప నరాలు, సాయంత్రం సొంత పరిశోధన. మెదడులో ఒక పక్క చెడితే నడక ఎందుకు మారుతుందన్నది నా పిచ్చి. "మా ఉదయగిరిలో ఒక గొర్రె ఉన్నచోటే చక్కర్లు కొడతా ఉండాది సార్" అని విద్యార్థి రమణయ్య చెప్పగానే, ఫార్మలిన్ సీసా, కత్తుల పెట్టె సంచిలో వేసుకుని శనివారం ఉదయం ఆరింటికి వాడితోపాటు బస్సెక్కాను.

తొమ్మిదింటికి ఆత్మకూరు. ఉదయగిరి పోయేవాళ్లు ఇక్కడే కడుపు నింపుకోవడం మేలు. ఇడ్లీ, కాఫీ కానిచ్చి రెండో బస్సెక్కాము. సీసా వాసనకు పక్కనున్న శెట్టిగారు ముక్కు మూసుకుని, "ఏంది సామీ, మందులమ్ముతారా?" అన్నాడు.

"గొర్రె మెదడు కోసం పోతున్నాం."

"ఎక్కువుంటే మావాడిక్కూడా కొంచెం తెండి!"

బస్సంతా నవ్వింది. ఆ డొక్కు బస్సుల్లో కబుర్లకు కరువే లేదు.

ఎండ నెత్తికెక్కాక ఉదయగిరి కొండ కనిపించింది. ఊరి మొదట్లో, రోడ్డు పక్కనే చెంగమ్మవ్వ ఇల్లు. గొర్రె ఆమెదే, ఆ ఉదయమే చచ్చింది. తల తీసుకోమంటూనే ఒక మాట అడిగింది.

"నా చేతి మేత తినే ఇట్టయిందంటాది కోడలు. బిడ్డకు ముద్ద కూడా పెట్టనీదు. నిజమేనా సామీ?"

కోడలు బిడ్డను చంకనెత్తుకుని గడపలో నిలబడి ఉంది. ఒట్టి మాటలు నమ్మే మనిషిలా లేదు. మెదడు చెక్కుచెదరకుండా నెల్లూరు చేరితేనే నా పరిశోధనకు పనికొస్తుంది. ఇక్కడ కోస్తే ఇన్నేళ్ల ఎదురుచూపు గంగపాలు. ప్రాణం ఉసూరుమంది. అయినా, "కత్తి తియ్యరా" అన్నాను రమణయ్యతో.

వాడు పుర్రె తెరిచాడు, నేను మెదడు కోశాను. కుడి పక్కన నిమ్మకాయంత నీటితిత్తి.

"గొర్రెను తిప్పింది ఇదమ్మా. కుక్క కడుపులోని పురుగు గుడ్లు గడ్డిమీద పడి, మేతతో లోపలికి పోయాయి. మీ అత్త చేతిలో ఏమీ లేదు. ఇట్లా చచ్చిన గొర్రె తల కుక్కలకు వెయ్యకుండా కాల్చెయ్యండి" అన్నాను.

కోడలు వంగి చాలాసేపు చూసింది. "ఇంతేనా?" అంది.

"ఇంతే."

ఆమె బిడ్డతో లోపలికి పోయింది.

మూడింటికి తిరుగు బస్సు. సీసాలో రెండు ముక్కలు. తరగతిలో చూపించడానికి పనికొస్తాయి, నా పేపరుకు పనికిరావు. నేను ముఖం వేలాడేసుకుని కూర్చున్నాను.

"సార్, అటు చూడండి" అన్నాడు రమణయ్య, బస్సు ఆ ఇంటి ముందుకు రాగానే.

గడపలో చెంగమ్మవ్వ కూర్చుని బిడ్డ నోటికి ముద్ద అందిస్తోంది. పక్కనే కోడలు కంచం పట్టుకుని ఉంది.

ఇప్పటికీ ఉదయగిరి పేరు వింటే ముందు ఆ ముద్దే కళ్లల్లో మెదులుతుంది.