మూల తిరిగిన గొట్టం

టైలరమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వీధిలో అందరికీ తెలుసు. ఈసారి ఆ కుందేలు ఓ ప్లాస్టిక్ గొట్టం.

ఆమె భర్త ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. జారిపడి తుంటి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. మంచం నుంచి స్నానాల గదికి ఇరవై అడుగులు, మధ్యలో గోడ మూల. ప్రతిసారీ ఆమె భుజం పట్టుకునే వెళ్లాలి. "ఒక్కసారి నా అంతట నేను వెళ్లొస్తే చాలే," అన్నాడోరోజు. ఆ మాట ఆమెకు సూదిలా దిగింది.

పక్కింటి ప్లంబరు గోడ పొడవునా లావుపాటి గొట్టం బిగించి, మూల దగ్గర ఎల్బో అనే వంపు అతుకు పెట్టాడు. ఆయన గొట్టం మీద చెయ్యి జరుపుకుంటూ అక్కడిదాకా బాగానే వెళ్లాడు. ఎల్బో అంచు వేళ్లకు తగిలింది. దాన్ని దాటాలంటే చెయ్యి ఎత్తాలి. ఎత్తితే పడతానని భయం. అక్కడే నిలబడిపోయాడు.

"అతుకు లేకుండా ఎట్లా అక్కా? గొట్టమేమన్నా గుడ్డా?" అన్నాడు ప్లంబరు.

"గుడ్డ కాకపోతే గుడ్డలా చేస్తాను. నువ్వో ముక్కలు చెయ్యని పొడుగు గొట్టం తెచ్చి పెట్టు తమ్ముడూ, చాలు."

కిటికీలన్నీ తెరిచి, ఓ పాత ముక్కను స్టవ్ సెగకు పైపైన తిప్పింది. వంచగానే మలుపు దగ్గర చదునుగా నొక్కుకుపోయింది. లోపల ఇసుక కూరితే నొక్కుకోదని ప్లంబరు చెప్పాడు. ఆ ఇసుక ఎండినదై ఉండాలని మాత్రం చెప్పలేదు. ఆమె తడి ఇసుకే కూరి, చివర గుడ్డ బిరడా బిగించింది. వేడికి ఆవిరి పుట్టి, బిరడా ఎగిరి అద్దానికి తగిలింది. మంచం మీంచి ఆయన, "టైరు పేలిందా?" అని కేకేశాడు.

"పేలితే మార్చుకుంటాం! మీరు పడుకోండి!"

ఇసుకను మూకుట్లో వేయించి, చల్లార్చి, అసలు గొట్టంలో కూరింది. మలుపు రావలసిన చోట సెగ చూపించి, మెత్తబడగానే నీళ్ల బిందె చుట్టూ వంచి, తడిగుడ్డ చుట్టి, గట్టిపడేదాకా చేతులు వదల్లేదు. ఈసారి మలుపు నున్నగా వచ్చింది. ప్లంబరు వేలితో రాసి చూశాడు.

మొదటిసారి ప్లంబరు కంటి అంచనాతో బిగించాడు. ఈసారి ఎత్తు ఆమే చెప్పింది, అది ఆమెకు నోటికొచ్చు. ఆయన ప్యాంట్లు ఆమె కుట్టినవే. నేల నుంచి నడుముకు నలభై అంగుళాలు. జానెడుకో క్లాంపుతో గొట్టాన్ని గోడకు బిగింపించింది.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఆయన నాలుగడుగులు వేసేసరికి చెయ్యి పట్టు తప్పి వెనక్కి జారింది. మోచెయ్యి భుజం దాకా లేచి ఉంది.

"గోడే వంకర," అంది ఆమె కోపంగా.

"గోడ కాదే," అన్నాడాయన మెల్లగా. "నేనిప్పుడు అంత పొడుగు లేను."

ఆర్నెల్లుగా రోజూ తను భుజం ఇచ్చిన మనిషి ఎంత వంగిపోయాడో ఆమె చూడలేదు, చూడడం ఇష్టంలేక. మెడలోని టేపు తీసింది. కళ్లు తుడుచుకుని, "నిటారుగా వద్దు. మీకు ఎలా వీలైతే అలా నిలబడండి," అంది. ముప్పై నాలుగు. మళ్లీ కొలిచింది. ముప్పై నాలుగే.

ప్లంబరు క్లాంపులన్నీ ఊడదీసి ఆరంగుళాలు కిందికి దించాడు. పాత కంతలు గోడ మీద అలాగే ఉండిపోయాయి.

ఆయన బయలుదేరాడు. ఆమె రెండడుగుల వెనక చేతులు చాచి నడిచింది. మూల వచ్చింది. చెయ్యి గొట్టాన్ని వదలకుండానే ఆ మలుపు తిరిగింది. ఆయన వెనక్కి చూడకుండా లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

గడియ పడ్డ చప్పుడైంది. ఆమె చాచిన చేతులు ఇంకా దించలేదు.

"ఇంకా అక్కడే ఉన్నావా?" లోపల్నుంచి ఆయన గొంతు. "వెళ్లి మిషను చూసుకో. నాకు టైం పడుతుంది."