అద్దాల మేడ గుమ్మంలో విడిచిన చెప్పులు

బొంబాయి వెళ్లేవాళ్లు ఆ అద్దాల మేడకు దారేదని నన్ను అడుగుతుంటారు. చెబుతాను కానీ, డెబ్బైల్లో అక్కడ మా అక్కకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తిరువూరులో టైపు నేర్చుకున్న అక్కకు ఆ మేడలోని ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. బడి వదిలి రాలేనని నాన్న అంటే, తోడుగా నేను బయల్దేరాను.

తెల్లవారుజామున బస్సెక్కితే ఎండెక్కే వేళకు బెజవాడ చేరాం. అక్కడి నుంచి రైల్లో సికింద్రాబాదు, మళ్లీ బండి మారి బొంబాయి. స్టేషన్ బయట టాక్సీ జోలికి పోకండి, సిటీ బస్సుకు చిల్లర చాలు. సముద్రాన్ని పూడ్చిన చోట దిగి తలెత్తితే అన్నీ అద్దాలే. లోపల నేలలో మొహం కనిపిస్తోంది. మా పెనుగొలను చర్చిలోకి ఎవరమూ చెప్పులతో అడుగుపెట్టం. ఆ అలవాటు కొద్దీ ఇద్దరం గుమ్మం పక్కన చెప్పులు విడిచి లోపలికి నడిచాం.

లిఫ్టు దగ్గర వాచ్‌మన్ అక్క వట్టి కాళ్లు చూసి అడ్డం నిలబడ్డాడు. వెనక్కి పరుగెత్తితే చెప్పుల్లేవు. వాచ్‌మనే చెత్తనుకుని తీయించేశాడట! మర్యాదకు విడిస్తే చెత్తలో కలిపాడు మహానుభావుడు. పరీక్షలకు చదివిన హిందీలో నేను కడిగేస్తుంటే, "ఇదేమైనా గుడి అనుకున్నారా?" అని నవ్వాడు. ఇంటర్వ్యూ వేళ దాటిపోతోంది.

"ఊరుకోవే! నీ అరుపులకు ఉన్న అవకాశమూ పోయేట్టుంది," అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

నేల తుడుస్తున్న ఒకావిడ దగ్గరికొచ్చింది. "తెలుగోల్లా బిడ్డా? ఇగో, నావి తొడుక్కో." పాలమూరు మనిషి. తన రబ్బరు చెప్పులు విడిచి అక్క ముందు పెట్టింది.

"మరి నువ్వో?" అంది అక్క.

"నన్నెట్లాగూ లిఫ్టు ఎక్కనియ్యరు. మెట్లు తుడుసుకుంట పోయేదాన్ని, నా కాళ్లెవరు జూస్తరు?"

ఆ చెప్పులు వేసుకోగానే వాచ్‌మన్ పక్కకు తప్పుకున్నాడు.

అక్కకు ఉద్యోగం వచ్చింది. చేరిన రోజే అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లిందట. అక్కకు సలాం కొట్టిన ఆ వాచ్‌మనే ఆవిడను ఆపేశాడట. అదేం న్యాయమో ఇన్నేళ్లయినా నాకు అర్థం కాలేదు. ఆవిడ ఎక్కకూడని లిఫ్టు ఆవిడ చెప్పులు ఎక్కాయి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. గంట ముందే చేరండి, నేల ఎంత మెరిసినా గుమ్మంలో చెప్పులు మాత్రం విడవకండి. అక్కడ మనిషి కంటే వాటికే విలువెక్కువ.