ఆగిన కరెంటు

మా గుణుపురం వైపు పొలాలకు వచ్చే లైన్‌మేన్ మావకు ఒక మాట గిట్టేది కాదు. ఎవరైనా "కరెంటు పోనాది" అంటే చాలు, "పోనేదు, ఆగినాదంతే. ఎప్పుడైనా వచ్చేస్తాది" అని కసిరేవాడు.

ఆ రోజు మేమిద్దరం మడికి నీళ్లు పెడుతుంటే పక్క మడిలో మోటారుతో పాటు మాదీ ఆగింది. ఈలోగా వదులైన వైరు బిగిద్దామని మా ఆయన తడికాళ్లతోనే వంగాడు.

"ఫ్యూజులు పీకేవేటిరా?" గట్టు మీంచి మావ కేకేశాడు.

"కరెంటు పోనాది కదా మావా! నీకన్నీ బయాలే."

"బయం నాకు కాదురా, నీ పెళ్లానికుండాల. పీకు ముందు!"

మా ఆయన నవ్వుతూనే మూడు ఫ్యూజులూ పీకి నా చేతిలో పెట్టాడు. మళ్లీ వంగి వైరు పట్టుకున్నాడో లేదో, పక్క మడిలో మోటారు గుర్రుమంది.

వైరు బిగించాక మా ఆయన ఫ్యూజులకని చెయ్యి చాచాడు. నా గుప్పిట విడలేదు.