వడగట్టిన నీళ్లు

వారానికోసారి వికారాబాద్‌లో రైలెక్కి, తాండూరులో దిగి, ఆటోలో ఒక పల్లెకు పోయి సీసాడు బోరు నీళ్లు తెచ్చుకుంటాను. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదానికి ఈ పిచ్చి ఎందుకని ఇంట్లో ఒకటే ఎగతాళి. "మనింట్ల నల్లా బంద్ అయిందా?" అని మా ఆయన ప్రతిసారీ అడుగుతాడు.

నేల లోపలి రాళ్లలో రాడాన్ అనే వాయువు పుట్టి నీళ్లలో కలుస్తుంది. భూమి కదిలే ముందు రాళ్లు సన్నగా చిట్లితే అది ఎక్కువగా రావచ్చు. రావచ్చు, అంతే. వాన పడ్డా మారుతుంది, మోటరు ఎక్కువసేపు నడిచినా మారుతుంది. ఏళ్ల తరబడి కొలిస్తే తప్ప ఏది మామూలో, ఏది కాదో తేలదు. నాకసలే ఓపిక తక్కువ, దొరికిందేమో ఈ పని.

ఆ బోరు గొర్రెలు కాసుకునే కుటుంబానిది. ఆ ఇంటి పెద్దావిడను పెద్దమ్మా అంటాను. తాండూరు చుట్టుపక్కల నేల అదిరితే క్వారీలో బండ పేల్చారనుకుని ఎవరి పనిలో వాళ్లుంటారు. కానీ ఆ మధ్య క్వారీలకు సెలవున్న రోజున నేల అదిరింది. గిన్నెలు దొర్లాయి, అంతకుమించి ఏమీ కాలేదు. పెద్దమ్మ ఇంటికి మాత్రం నాపరాళ్లు పరిచిన కప్పు. ఆ రోజే ఆవిడ తన మంచాన్ని గొర్రెల దొడ్డి పక్కకు మార్చేసింది. తొలి కాన్పుకు వచ్చిన కూతురికి అప్పుడు ఎనిమిదో నెల.

"పసిగుడ్డును గా బండల కింద పండవెట్టాల్నా, వద్దా? నీ మిషిన్ ఏమంటది?" అని వెళ్లినప్పుడల్లా అడిగేది. నేను నీళ్లు నమిలేదాన్ని.

ఒక వారం రైలు ఆలస్యమైంది. కరెంటు పోతుందేమోనని నేను వెళ్లేసరికే, వాళ్లింట్లో ఉంచిన నా ఖాళీ సీసాను ఆవిడే నింపి పెట్టింది. మూత గట్టిగా ఉంది, లోపల ఒక్క బుడగ లేదు. మురిసిపోయి తెచ్చుకున్నాను. తీరా కొలిస్తే రాడాన్ దాదాపు లేదు!

నేల కదిలే ముందు రాడాన్ పెరగడమే కాదు, ఒక్కోచోట పడిపోనూ వచ్చు; ఆ బోరులో ఎప్పుడూ అంత తక్కువ లేదు. యంత్రాన్ని సరిచూసి మళ్లీ కొలిచాను, అదే మాట. కింద ఏం జరుగుతోందో, ఆ ఇంటికి ఏమవుతుందోనని నిజంగా భయపడ్డాను. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి పరుగెత్తాను.

పెద్దమ్మ వాకిలి ఊడుస్తోంది. కూతురు తాండూరు ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది, ఆ పూటే ఇంటికి తెస్తున్నారు. సీసా ఎలా నింపావని అడిగాను.

"పైపుల తుప్పు వస్తుండె బిడ్డా. ఇంటికొచ్చినామెకు గసువంటి నీళ్లిస్తమా? పొద్దుగాల్నే ఇత్తడి బిందెల వట్టి, కొత్త తువ్వాలతోని వడగట్టి, తేరుకున్నంక పోసిన" అంది గర్వంగా.

చుట్టాలకు నీళ్లిచ్చే మర్యాద అది. అలా గాలి తగిలి నిలవున్న నీళ్లలో రాడాన్ మిగలదు. అరుగు మీద కూలబడి కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాను. సంగతి చెబితే ఆవిడా నెత్తి కొట్టుకుని నవ్వింది.

"అయితే నువ్వచ్చేది నీళ్లకు గాదు, గాలికా?" అంది. అంతలోనే నవ్వు ఆపి, "పిల్ల వస్తున్నది. ఏడ పండవెట్టాలె, చెప్పు" అని నా చెయ్యి పట్టుకుంది.

ఈసారి నీళ్లు నమల్లేదు. "పెద్దమ్మా, నా మిషిన్‌కు ఇంకా ఏం తెల్వదు. మల్ల అదురుతదో లేదో నేను చెప్పలేను. గని గా బండలు గోడ అంచు మీదనే ఆగినయి, అది కండ్లకు కనవడుతుంది. రేకుల అర్రల పండవెట్టు."

ఇంటి పక్కనే రేకుల కప్పున్న ఆ చిన్న గదిలో కంది బస్తాలున్నాయి. ఇద్దరం కలిసి వాటిని బండల ఇంట్లోకి ఈడ్చాం, నడుము పట్టేసింది. అర్ర కడిగి, తొట్టెల వేలాడదీశాం. పెద్దమ్మ తన మంచాన్ని కూడా దొడ్డి దగ్గర నుంచి తెచ్చి తొట్టెల పక్కనే వేసుకుంది. దాన్ని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

మరుసటి వారం పెద్దమ్మ నన్ను సీసా ముట్టుకోనివ్వలేదు. నేను చేసేటట్టే మోటరు కాసేపు నడవనిచ్చి, సన్న గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి, నీళ్లు పొంగిపొర్లాక మూత బిగించింది. బుడగ ఉందేమోనని ఎండకు పట్టి చూసింది.

"నీ బోరు మాట్లాడేటప్పటికి గీ పిల్ల ఎంతదైతది?" అని అడిగింది.

"బడికి పోతుండొచ్చు. పెండ్లీడుకు కూడా రావచ్చు పెద్దమ్మా."

సీసాను నా చేతిలో పెట్టి, తొట్టెలను ఒక్క ఊపు ఊపింది.

"రానియ్. నేనున్నన్ని రోజులు నేను నింపుత. నా ఎనుక ఇది నింపుతది."