నా డిజైన్లు ఆవిడ ఫోన్లో

పటమటలో నాకు మగ్గం వర్క్ షాపుంది. పెళ్లిళ్ల సీజన్లో ఒక ఉదయం మా వెబ్‌సైట్ తెరుచుకోలేదు. డిజైన్ల ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి.

“బ్యాకప్ తీసి పెట్టుకోలేదా మేడమ్?” అన్నాడు సైట్ చేసినతను. అది అతని పనేనని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఎదురుగా పెళ్లివాళ్లు కూర్చున్నారు. ఏం చూపించాలో తోచలేదు. అప్పుడు హనుమాన్ జంక్షన్‌లో ఇదే పని చేసే మేరీ గారు గుర్తొచ్చారు. మా సైట్లోంచి ఫోటోలు తీసుకుని తన పనిగా చూపించుకుంటోందని నేను ఫోన్లోనే దులిపేసిన మనిషి. సిగ్గు చంపుకుని ఆవిడకే ఫోన్ చేశాను.

“అన్నీ ఉన్నాయి షమీమ్ గారూ. కాకపోతే ఫోటోల మీద మీ షాపు పేరు చెరిపేశాను, పర్లేదాండీ?”

పర్లేదన్నాను. పైగా థాంక్సండీ అని కూడా అన్నాను.

ఇప్పుడు బ్యాకప్ నేనే తీసుకుంటున్నాను. ఆవిడ మాత్రం మా డిజైన్లు ఇంకా తీసుకుంటూనే ఉంది. వద్దనడానికి నోరు రావడం లేదు.

– షమీమ్, విజయవాడ