రెండు రాశుల వియ్యంకుడు

మా వియ్యంకుడి ఫోన్లో రెండు జాతకాలుండేవి. చంద్రుణ్ని బట్టి చూసే మన లెక్కలో ఆయనది మీనరాశి, సూర్యుణ్ని బట్టి చూసే ఇంగ్లీషు లెక్కలో మేషం. పొద్దున లేవగానే రెండూ చదివి, ఏది మంచి చెబితే ఆ రోజుకు దాన్నే నమ్మేవాడు. కోస్గి సంతలో గొర్రెలు కొనాలన్నా అంతే. రెండు లెక్కల్లో మేషం మొదలయ్యే చోటే వేరని నా అంతట నేనే చదువుకున్నవాణ్ని. ఆయన్ను చూస్తే ఒళ్లు మండేది.

మా బిడ్డను కాన్పుకు మహబూబ్‌నగర్ దవాఖానలో చేర్చాం. మందులకు పోయిన అల్లుడింకా రాలేదు. వెంటనే ఆపరేషన్ చేయాలన్నది డాక్టరమ్మ. వియ్యంకుడు వరండాలో కాలు నిలవక తిరుగుతూ, "పొద్దూకేదాకా మూల నక్షత్రమున్నది, జర ఆగమనుండ్రి" అన్నాడు.

"గా ఇంగ్లీషు లెక్కల మూల గీల లేదు గద బావా! రోజూ మంచిదే నమ్ముతవు, ఇయ్యాల చెడ్డదాన్నే ఎందుకు పట్టుకున్నవ్?" అని కసిరాను.

"నా సంగతైతే తప్పినా నేనే పడ్త. మూలల పుడితే తండ్రికి గండమంటరు. నాకు ఒక్కడే కొడుకు బావా."

గదిలోంచి మా బిడ్డ అరిచింది: "మామా, నొప్పులు నాకొస్తున్నయ్! సంతకం నేనే పెడుతున్న."

మనవరాలు మూలలోనే పుట్టింది. ఇప్పుడు బడికి పోతోంది. అల్లుడు దుక్కలా ఉన్నాడు. నేనే గెలిచాననుకున్నాను. వియ్యంకుడు మాత్రం ఆనాటి నుంచి పోయేదాకా ఏ జాతకమూ చూడలేదు. తెల్లారగానే కొడుక్కి ఫోన్ చేసేవాడు. అవతల గొంతు వినబడగానే, "ఏం లేదు కొడుకా, ఊకెనే చేసిన" అని పెట్టేసేవాడు.